పదిహేడేళ్లు టెస్టింగ్ చేశాక డేటా సైన్స్‌కి మారాలా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. పదిహేడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. అందులో పదకొండేళ్లు బీమా క్లెయిమ్‌ల ప్రాజెక్టులే. ఎక్కువగా మాన్యువల్ టెస్టింగే, అంటే ప్రోగ్రామ్ సాయం లేకుండా చేత్తో ఒక్కొక్కటీ పరీక్షించడమే చేశాను. ఈ ఏడాది మా టీమ్‌లో సగం మందిని తగ్గించారు. తొమ్మిది నెలల డేటా సైన్స్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. చేరమంటారా? మా అమ్మాయి బీకామ్ రెండో సంవత్సరం. ఏం చదివించినా బయటికొచ్చేసరికి అది పాతబడిపోతుందేమోనని భయంగా ఉంది. తనకేం చెప్పాలి? – ఒక తల్లి

జవాబు: చేరకండి. కనీసం ఇప్పుడైతే వద్దు.

డేటా సైన్స్ చెడ్డదని కాదు. ఉద్యోగానికి రెండు కాళ్లుంటాయి. మీరు చేసే పని ఒకటి, ఆ పని చేసే రంగం ఇంకొకటి. మీ విషయంలో పని టెస్టింగ్, రంగం బీమా. మారాలనుకున్నప్పుడు ఒక కాలు నేల మీద ఉంచి రెండోది ఎత్తాలి. బీమాలోనే ఉండి పని మార్చుకోవచ్చు, టెస్టింగ్‌లోనే ఉండి రంగం మార్చుకోవచ్చు. ఈ కోర్సు మీ చేత రెండూ ఒకేసారి ఎత్తిస్తుంది. అది పూర్తయ్యేనాటికి మీరు ఏ అనుభవమూ లేని ఫ్రెషర్. పక్కన కూర్చునేది ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాడికి ఇంటి బాధ్యతలుండవు, తక్కువ జీతానికైనా వస్తాడు. మీ పదకొండేళ్ల బీమా అనుభవం గేటు బయటే ఉండిపోతుంది.

ఇక ఆ గ్యారంటీ సంగతి. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: పోయిన బ్యాచ్‌లో నలభై దాటినవాళ్లు ఎంతమంది చేరారు, ఇప్పుడు ఏ హోదాలో పనిచేస్తున్నారు, వాళ్లలో ఇద్దరితో మాట్లాడిస్తారా? చాలాసార్లు ఆ రోజుతో ఫోన్లు ఆగిపోతాయి.

భయపెట్టే అంకెలు మీరు చూసే ఉంటారు. 2030 నాటికి ఉద్యోగుల ముఖ్య నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయని సంస్థల యజమానులు అంచనా వేసినట్టు ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక చెప్పింది. ఆ 39 మీదే హెడ్డింగులన్నీ వచ్చాయి. మిగిలిన 61 గురించి ఎవరూ రాయలేదు. నేను మిమ్మల్ని ముందు లెక్క తేల్చుకోమనేది ఆ 61నే.

ఎలాగంటే, పోయిన నెల మీరు ఏ రోజు ఏం చేశారో క్యాలెండర్, మెయిల్స్ ముందు పెట్టుకుని రాయండి. 'టెస్టింగ్ చేశాను' అని కాదు, విడివిడిగా. రిగ్రెషన్ నడిపారు, అంటే కొత్త మార్పు వల్ల పాతవేవీ చెడలేదని మళ్లీ పరీక్షించారు. రిక్వైర్‌మెంట్ (క్లయింట్‌కి ఏం కావాలో చెప్పే పత్రం) చూసి టెస్ట్ కేసులు రాశారు. దొరికిన తప్పుల్ని నమోదు చేశారు (డిఫెక్ట్ లాగ్). క్లయింట్‌తో కూర్చున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి క్లెయిమ్ ఎలా నడుస్తుందో చెప్పారు. వీటిలో మొదటి మూడూ వేగంగా యంత్రం చేతికి వెళ్తున్నాయి. దాచుకుని లాభం లేదు. కానీ ఒక కేసు చూడండి. ప్రీమియం గడువు దాటింది. గడువు తర్వాత ఇచ్చే అదనపు రోజుల్లో, అంటే గ్రేస్ పీరియడ్‌లో ఉండగా ప్రమాదం జరిగింది. డబ్బు మాత్రం ఆ తర్వాత కట్టారు. క్లెయిమ్ చెల్లుతుందా? రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఈ ముక్క లేదనుకుందాం. ఏఐ టూల్ ఆ డాక్యుమెంట్ నుంచి రెండొందల టెస్ట్ కేసులు నిమిషంలో రాసిస్తుంది. ఇక్కడేదో తప్పిపోయిందని, ఈ పాలసీకి ఏ నియమం వర్తిస్తుందో క్లయింట్ దగ్గర ఎవర్ని అడగాలని తట్టేది మీకు. ఇన్నాళ్లూ ఈ తట్టడాన్ని టెస్టింగ్‌లో భాగమనుకుని మీరు దానికి పేరు కూడా పెట్టలేదు. బయట ఆ పని చేసేవాళ్లకి బిజినెస్ అనలిస్ట్ అనీ, ప్రొడక్ట్ ఓనర్ అనీ పేర్లున్నాయి.

డొరతీ వాన్ కథ ఇక్కడ గుర్తొస్తుంది. అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో విమానాల లెక్కలు చేతితో చేసే మహిళల విభాగానికి 1949లో ఆమె అధిపతి అయ్యారు. అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. నిజమైన కంప్యూటర్లు వచ్చాక ఆవిడ వేరే వృత్తి వెతుక్కోలేదు, ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని అవే లెక్కల్ని యంత్రం చేత చేయించారు. గణితం అనే కాలు నేల మీదే ఉంది.

ఇలాంటి కథలు ధైర్యం చెప్పడానికి బాగానే ఉంటాయి, కాకపోతే వాటిని సగంలో ఆపేస్తుంటారు. ఏటీఎం కథా అంతే. 1967లో లండన్‌లో మొదటిది పెట్టారు. అమెరికాలో అవి వేల సంఖ్యలో వచ్చాక కూడా బ్యాంక్ కౌంటర్ ఉద్యోగాలు చాలా ఏళ్లు తగ్గలేదు. బ్రాంచి నడిపే ఖర్చు తగ్గింది కాబట్టి బ్యాంకులు బ్రాంచీలు పెంచాయి. సభల్లో ఇంతవరకే చెప్తారు. తర్వాత ఫోన్‌లోనే బ్యాంకింగ్ వచ్చింది, ఆ ఉద్యోగాలు తగ్గడం మొదలుపెట్టాయి. కాబట్టి మీరు ఈసారి వేసే అడుగు కూడా శాశ్వతం అనుకోకండి. అయిదారేళ్లకి ఇదే లెక్క మళ్లీ వేయాల్సి వస్తుంది.

నేర్చుకోవాల్సింది ఉంది, కానీ తక్కువే. డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ భాష పైపైన వచ్చుంటే లోతుగా నేర్చుకోండి. ఏపీఐ టెస్టింగ్, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారిని పరీక్షించడం రావాలి. పరీక్షల్ని తనంతట తానే నడిపే ఆటోమేషన్ టూల్ ఒకటి చాలు. ఏది అని అడుగుతారు: సెలీనియం 2004 నుంచి ఉంది, ప్లేరైట్ 2020లో వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది. మీ ప్రాజెక్టులో ఏది వాడుతుంటే అది. అసలు కిటుకు బయట కోర్సులో లేదు. మీ మేనేజర్ దగ్గరికెళ్లి, 'నెలనెలా నడిపే రిగ్రెషన్‌లో పది కేసులు నేను ఆటోమేట్ చేస్తాను' అనండి. ఏఐని ఆ పనికి వాడుకోండి, కానీ కంపెనీ అనుమతి లేని టూల్‌లో క్లయింట్ డేటా ఒక్క లైన్ కూడా పెట్టకండి. అలా పెడితే ఉద్యోగానికే ముప్పు రావచ్చు. పది కేసులూ అయ్యాక ముందు ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అనేది రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ కన్నా ఈ ఒక్క వాక్యమే ఎక్కువ మాట్లాడుతుంది.

రెండో పని మీకు నచ్చదని నాకు తెలుసు: మనుషుల్ని కదిలించడం. పదిహేడేళ్లు ఒకే తరహా పని చేసినవాళ్లు తమ టీమ్‌నే లోకం అనుకుంటారు. టీమ్‌లో వాళ్లకి తెలిసిన ఖాళీలే మీకూ తెలుస్తాయి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే ఈ మాట చెప్పారు: కొత్త కబురు తెచ్చేది రోజూ కలిసే స్నేహితులకన్నా ఎప్పుడో ఒకసారి పలకరించుకునే పరిచయస్తులు. ఎప్పుడో టీమ్ వదిలి వెళ్లినవాళ్లు, మీరు పనిచేసిన క్లయింట్ వైపు మనుషులు, వాళ్లే మీకు కావాలి. 'ఖాళీలేమైనా ఉంటే చెప్పండి' అని మాత్రం రాయకండి. అలాంటి మెసేజ్‌కి జవాబివ్వడం ఎవరికైనా ఇబ్బందే. ఇలా రాయండి: 'బీమా వైపే ఉంటూ అనలిస్ట్ పనిలోకి వద్దామని చూస్తున్నాను. మీ టీమ్‌లో ఆ పని చేసేవాళ్లు వారమంతా నిజంగా ఏం చేస్తారో ఒక పావుగంట చెప్పగలరా?' నలుగురికి రాస్తే ఇద్దరైనా పలుకుతారు.

ఉద్యోగం చేతిలో ఉండగానే ఇదంతా చేయండి. నోటీస్ ఇచ్చాక ఎక్కే మెట్టు ఎప్పుడూ ఎత్తుగానే ఉంటుంది. ఆ కోర్సు ఫీజుకి పక్కన పెట్టిన డబ్బు ఉంటే దాన్ని ఇంటి ఖర్చులకి నిల్వగా ఉంచండి. నాలుగైదు నెలల ఖర్చు చేతిలో ఉన్న మనిషి వచ్చిన మొదటి ఆఫర్‌కి తల ఊపాల్సిన పని ఉండదు.

ఇక మీ అమ్మాయి. నిజానికి మీ ఉత్తరంలో భయమంతా మీది, తను దాన్ని మోస్తోంది. కామర్స్ చదువు పాతబడదు. అందులో వాడే సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది. జమాఖర్చు ఎందుకు సరిపోలేదో పట్టుకోగల బుర్ర ఒకటి, ఆ సంగతిని అవతలివాళ్లకి అర్థమయ్యేలా అరపేజీలో రాయగల చెయ్యి ఇంకొకటి, ఈ రెండూ డిగ్రీలో ఉండగానే వస్తే చాలు. స్ప్రెడ్‌షీట్ మీద పట్టు ఎలాగూ కావాలి. ఈ సెలవుల్లో ఇంకో కోర్సులో చేర్పించే బదులు ఏదైనా చిన్న సంస్థలో నెల రోజులు నిజమైన లెక్కలు చూసే అవకాశం వెతకండి, జీతం లేకపోయినా ఫర్వాలేదు. ఆ పని తనకి నచ్చకపోతే అది కూడా రెండో సంవత్సరంలోనే తెలిసిపోతుంది, మంచిదే.

ఈ వారం మాత్రం ఒక పని చేయండి. మీ రెజ్యూమె మీ అమ్మాయి చేతికిచ్చి, అర్థంకాని ప్రతి లైన్ కింద గీత గీయమనండి. సగానికి పైగా గీతలే ఉంటాయి. ఆ లైన్లన్నీ 'ఫలానా సమస్య వచ్చింది, నేనిలా పట్టుకున్నాను, దానివల్ల ఇది ఆగింది' అనే తీరులో తిరగరాయండి. గ్రేస్ పీరియడ్ లాంటి కేసులు మీకు ఎన్ని తగిలాయో అప్పుడు గుర్తొస్తాయి. ఆ కాగితం తయారయ్యాక నాకు మళ్లీ రాయండి, అనలిస్ట్ ఇంటర్వ్యూలకి ఎలా సిద్ధపడాలో అప్పుడు మాట్లాడుకుందాం.