పాఠకుల ప్రశ్నలు – జవాబులు: హవాయిలో సంస్కృతి సలహాదారుల పని

ప్రశ్న: హోనొలులులో ఉంటున్న మా అమ్మాయి అక్కడి మూలవాసుల సంస్కృతికి సంబంధించి సలహాలిచ్చే ఒక చిన్న కంపెనీలో మ్యాపులు తయారుచేసే ఉద్యోగంలో చేరింది. మొన్న వాళ్ల కంపెనీ వార్షికోత్సవానికి హోటల్లో విందు పెట్టుకోకుండా, అందరూ కలిసి ఒక పాత చేపల చెరువు గట్టుకు రాళ్లు మోశారట. సంస్కృతి గురించి సలహా ఇవ్వడం ఒక వృత్తిగా ఎలా మారింది? ఆ రాళ్ల పనికీ దానికీ ఏమిటి సంబంధం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఈ వృత్తికి మూలం అమెరికాలోని హవాయి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. 1778లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడలు రాకముందు ఆ దీవుల్లో నివసించినవారి సంతతి, జీవనోపాధి కోసం, సంస్కృతి కోసం, మతాచారాల కోసం అనాదిగా అనుభవిస్తూ వచ్చిన హక్కులను ప్రభుత్వం కాపాడాలని 1978 నాటి రాజ్యాంగ సదస్సు ఒక ప్రత్యేక నిబంధన చేర్చింది. అయితే ఆ హక్కుకు ఆచరణలో బలం చేకూరడానికి చాలా ఏళ్లు పట్టింది. 1980ల చివర మావి దీవిలోని హోనోకహువా అనే చోట, ఒక పెద్ద హోటల్ కోసం ఇసుక దిబ్బలు తవ్వుతుంటే తొమ్మిది వందలకు పైగా పూర్వీకుల అస్థికలు బయటపడ్డాయి. మూలవాసులు ఆందోళనకు దిగాక తవ్వకం ఆగింది, అస్థికలను తిరిగి అక్కడే ఖననం చేశారు, హోటల్‌ను సముద్రతీరం నుంచి లోపలికి జరిపి కట్టారు. ఆ ఘటన తర్వాత 1990లో సమాధుల రక్షణకు చట్టం వచ్చింది, దీవుల వారీగా మండళ్లు ఏర్పడ్డాయి. 2000లో మరో చట్టం, పర్యావరణ ప్రభావ నివేదికలో ఆ ప్రాజెక్టు వల్ల స్థానికుల సాంస్కృతిక ఆచారాలకు ఏమవుతుందో కూడా తేల్చి చెప్పాలని నిర్దేశించింది. అలా తేల్చి రాసేవారి అవసరం నుంచే ఈ కంపెనీలు పెరిగాయి.

వారి పని చాలావరకు పాత కాగితాల మధ్యా పెద్దల ఇళ్లలోనూ సాగుతుంది. 1848 నాటి భూవిభజన తర్వాత రైతులు తమ మడుల గురించీ కాలవల గురించీ ఇచ్చిన వాంగ్మూలాలు చదవాలి. 1834 నుంచి వందేళ్లకు పైగా హవాయి భాషలో వెలువడిన పత్రికల పేజీలు లక్షకు మించి ఉన్నాయి. వాటిలో ఆ ఊరి పేరు, అక్కడి గాలికీ వానకూ పెట్టుకున్న పేర్లు ఎక్కడ వచ్చాయో వెతకాలి. ఆ తర్వాత కూపునా అని గౌరవంగా పిలుచుకునే పెద్దల దగ్గర కూర్చుని, ఏ రాతి మీద ఏ నాచు ఏరుకునేవారో, కొండ నుంచి సముద్రం దాకా సాగే ఆ భూభాగంలో నీరు ఎటు పారేదో అడిగి తెలుసుకోవాలి. మంచి సలహాదారు తాను రాసుకున్నదాన్ని ఆ పెద్దలకే తిరిగి చదివి వినిపించి, వారు వద్దన్న మాట తీసేశాకే నివేదికలో చేరుస్తాడు. కొన్ని సమాధుల చోట్లూ కొన్ని కుటుంబ కథలూ బయట పెట్టకూడనివి ఉంటాయి. మీ అమ్మాయి గీసే మ్యాపులో కావాలనే గుర్తు పెట్టకుండా వదిలేసే చోట్లు ఉంటాయన్నమాట.

ఇక రాళ్ల సంగతి. మీ అమ్మాయి వెళ్లిన చెరువు ఏదో మీరు రాయలేదు కాబట్టి, ఒఆహు దీవిలో కానెఓహె అఖాతం ఒడ్డున ఉన్న హేఎయియా చెరువును ఉదాహరణగా తీసుకుంటాను. 88 ఎకరాల ఆ చెరువును సుమారు ఎనిమిది వందల ఏళ్ల క్రితం కట్టారంటారు. సముద్రంలోకి చొచ్చుకుపోయి చుట్టి వచ్చే దాని గోడ రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రెండు వైపులా నల్లని అగ్నిశిలలు పేర్చి, మధ్యలో పగడపు రాతి ముక్కలు నింపారు. సున్నం, సిమెంటు ఏమీ లేవు. నీరు రాళ్ల సందుల్లోంచి మెల్లగా వచ్చిపోతుంటే అల తాకిడి గోడను కూల్చదు. మాకాహా అనే తూము తలుపులకు కర్ర కమ్ములుంటాయి. వేలెడంత చేపపిల్లలు వాటి సందుల్లోంచి లోపలికి వస్తాయి, లోపలి నాచు మేసి బలిశాక అదే సందులోంచి బయటకు పోలేవు. 1965 వరదకు ఈ గోడకు గండి పడింది, బయటి నుంచి తెచ్చి నాటిన మడచెట్ల వేళ్లు మిగిలిన రాళ్లనూ కదిలించాయి. 2001లో స్థానిక యువకులు పాయెపాయె ఓ హేఎయియా అనే సంస్థగా ఏర్పడి, ఆ చెట్లు నరుకుతూ, గోడను మళ్లీ పేరుస్తూ వచ్చారు. 2015 డిసెంబరులో సుమారు రెండు వేల మంది బారులు తీరి, చేతి నుంచి చేతికి రాళ్లు అందించి ఆ గండి పూడ్చారు.

ఈ సలహా కంపెనీలు పెద్దల జ్ఞాపకాల మీదే బతుకుతాయి. ఆ జ్ఞాపకం ఒక నివేదికగా మారి, దానికి బిల్లు వేసి సొమ్ము తీసుకున్నాక ఆ ఊరికి తిరిగి ఏమిచ్చారని ఎవరైనా అడిగితే చెప్పగలిగే జవాబు ఉండాలి. వార్షికోత్సవం నాడు బురదలో దిగి రాయి అందుకోవడాన్ని నేను అందుకే మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఏడాదికి ఒక్కరోజుతో సరిపెడితే మాత్రం అది ఫొటోల పండుగే అవుతుంది.

ప్రశ్న: డబ్బిచ్చేది కట్టడం కట్టే కంపెనీ, నివేదిక రాసేది ఆ డబ్బు తీసుకున్న సలహాదారు. అలాంటప్పుడు నిజం బయటకు వస్తుందా? నేను సర్కారీ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను కనుక అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే, హవాయి సుప్రీంకోర్టుకూ దాదాపు అదే వచ్చింది. ఆ రాష్ట్రంలో హవాయి అనే పేరే ఉన్న పెద్ద దీవి పశ్చిమ తీరంలో కాఊపూలెహు అనే చోట, లావా గడ్డకట్టిన నేల మీది గుంటల్లో సముద్రపు నీరు ఎండితే స్థానిక కుటుంబాలు ఉప్పు తీసుకునేవి. ఆ తీరంలో సుమారు వెయ్యి ఎకరాలను పట్టణ వినియోగానికి మారుస్తూ రాష్ట్ర ప్రభుత్వ భూవినియోగ సంఘం అనుమతి ఇచ్చింది, ఆ ఆచారాలను కాపాడే బాధ్యతను మాత్రం కట్టే కంపెనీకే వదిలేసింది. 2000లో కోర్టు ఆ నిర్ణయాన్ని పక్కనపెట్టి, ఆ బాధ్యత ప్రభుత్వానిదేననీ, దాన్ని ఇతరులకు అప్పగించడం కుదరదనీ చెప్పింది. అక్కడ ఏ వనరులు, ఏ ఆచారాలు ఉన్నాయి, వాటికి ఎంత నష్టం, కాపాడటానికి చేయగలిగిందేమిటి అనే మూడు విషయాలను అనుమతి ఇచ్చే అధికారులే తేల్చాలంది. కాబట్టి సలహాదారు నివేదిక ఎంత నిజాయితీగా ఉన్నా అది అధికారి ముందు ఉంచే ఒక ఆధారమే. నష్టం ఉందని తేలినా ప్రాజెక్టు ఆగుతుందనే హామీ కూడా లేదు. మూలవాసులు పవిత్రంగా భావించే మౌనా కెయా పర్వతం మీద కట్టదలచిన భారీ టెలిస్కోపు విషయంలో 2015లో కోర్టు అనుమతి రద్దు చేసింది, మళ్లీ ఇచ్చిన అనుమతిని 2018లో సమర్థించింది, 2019 జూలైలో దారికి అడ్డంగా కూర్చున్న వృద్ధులను పోలీసులు అరెస్టు చేశారు. 2022లో ఆ పర్వతం నిర్వహణకు మూలవాసులకూ చోటు కల్పిస్తూ కొత్త సంస్థను చట్టం ఏర్పరిచింది. దారిలో కూర్చున్న పెద్దలు లేకపోతే ఆ చట్టం వచ్చేదని నేననుకోను.

ప్రశ్న: మేము త్వరలో అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాం. అరవై దాటిన మాలాంటివాళ్లు కూడా ఆ చెరువు పనిలో చేయి వేయవచ్చా?
– కాకినాడ పాఠకురాలే

జవాబు: తప్పకుండా వేయవచ్చు. రాళ్లు మోయలేనివారికి కలుపు ఏరడం, కొమ్మలు పోగేయడం వంటి తేలిక పనులుంటాయి. అడుగు పెట్టేముందు వచ్చినవారు అనుమతి అడుగుతూ స్తోత్రం చదవడం, లోపలివారు బదులు స్తోత్రంతో ఆహ్వానించడం అక్కడి మర్యాద. మాటలు రాకపోయినా మౌనంగా నిలబడితే చాలు. బురదలో ఊడిపోని, కాలికి బిగుతుగా ఉండే బూట్లు తీసుకెళ్లండి. ముందుగా పేరు నమోదు చేయించమని అమ్మాయికి చెప్పండి, గుర్తుగా ఉంటుందని ఒక్క రాయి కూడా వెంట తెచ్చుకోకండి.