టెక్ సందేహాలు: లిఫ్ట్ కిట్ లేకుండా పికప్‌కు ఎంత పెద్ద టైరు పడుతుంది?

ప్రశ్న (సెమిలిగుడ, కోరాపుట్ జిల్లా): నాకు ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. టైర్ల మీద 245/70 ఆర్16 అని రాసి ఉంది. అల్లం, క్యాబేజీ బస్తాలు వేసుకుని వారానికి రెండుసార్లు సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తాను. పొలం దారిలో బండి అడుగు భాగం రాళ్లకు తగులుతోంది. టైర్లు అరిగిపోయాయి కనుక ఎలాగూ మార్చాలి. లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపడానికి సస్పెన్షన్‌కు జోడించే భాగాలు) అవసరం లేకుండానే 265/75 ఆర్16 సరిపోతుందని టైర్ల షాపులో చెబుతున్నారు. వేయించవచ్చా?

జవాబు: 265/75 వేయించకండి. 245/75 ఆర్16 దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే, ఈ కింద చెప్పిన విధంగా కొలిచి చూసి, చోటు ఉందని తేలిన తరువాతే 265/70 ఆర్16 గురించి ఆలోచించండి.

మొదట అంకెల సంగతి చూద్దాం. 245 అనేది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం పక్క గోడ ఎత్తు. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. ఈ లెక్కన మీ పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 749 మి.మీ. షాపువారు చెప్పిన 265/75 ఎత్తు 804 మి.మీ., అంటే ఏడు శాతానికి పైగా ఎక్కువ. 265/70 ఎత్తు 777 మి.మీ., 245/75 ఎత్తు 774 మి.మీ. చివరి రెండింటికీ ఎత్తులో తేడా 3 మి.మీ. మాత్రమే, వెడల్పులో తేడా 20 మి.మీ. మీకు కావలసింది ఎత్తు. చక్రం గూటిలో ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా వెడల్పు. కాబట్టి వెడల్పు పెంచకుండా ఎత్తు మాత్రమే పెంచుకునే దారి ఉన్నప్పుడు ముందుగా దానినే పరిశీలించాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. టైరు 25 మి.మీ. ఎత్తు పెరిగితే బండి 25 మి.మీ. పైకి లేవదు. ఇరుసు టైరు మధ్యలో ఉంటుంది కనుక నేల నుంచి ఇరుసు ఎత్తు అందులో సగమే పెరుగుతుంది. 245/75 వేస్తే మీకు అదనంగా వచ్చేది సుమారు 12 మి.మీ.; 265/75 వేసినా 27 మి.మీ. మాత్రమే. మీ పొలం దారిలో రాయి ఇప్పుడు గట్టిగా కొడుతూ ఉంటే, చిటికెన వేలి మందం ఎత్తు పెరిగినంత మాత్రాన ఆ దెబ్బ తప్పదు. ఆ రెండు మూడు చోట్ల రాళ్లు తీయించి మట్టి పోయించడం, ఇంజిన్ కింది రక్షణ ప్లేటు బిగువుగా ఉందో లేదో చూసుకోవడం టైర్ల కంటే ఎక్కువ మేలు చేస్తాయి. ఈ మాట చెప్పకుండా ఐదు టైర్ల ఖర్చు మీ చేత పెట్టించడం నాకు ఇష్టం లేదు.

టైరు ఎక్కడ తగులుతుందో తెలియాలంటే చక్రం ఎలా తిరుగుతుందో గమనించాలి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పినప్పుడు ఎడమ ముందు చక్రపు వెనక అంచు బయటికి వచ్చి మడ్ ఫ్లాప్‌కు, గూటిలోని ప్లాస్టిక్ లైనర్‌కు దగ్గరవుతుంది. ఎడమకు తిప్పినప్పుడు అదే అంచు లోపలికి వెళ్లి ఛాసిస్ వైపు జరుగుతుంది. రెండేళ్ల క్రితం రాయగడ నుంచి గుణుపురం వెళ్తున్నప్పుడు, కొత్తగా పెద్ద టైర్లు వేయించిన ఒక మిత్రుని పికప్‌లో, మలుపు తిరిగిన ప్రతిసారీ అట్ట చించినట్టు ఒక శబ్దం వినిపించింది. దిగి చూస్తే మడ్ ఫ్లాప్ లోపలి మూల చాకుతో చెక్కినట్టు పలచబడి ఉంది. లైనర్ మీద అరచేయంత మేర నున్నగా మెరుస్తోంది, రెండు క్లిప్పులు ఊడిపోయాయి. ఆ ప్లాస్టిక్ వెనకనే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ తీగ వెళ్తోంది. ఇంకొన్ని రోజులు గడిస్తే అదీ తెగేది. షాపు ముందు సమతలంగా ఉన్న నేల మీద, ఖాళీ బండిలో స్టీరింగ్ తిప్పి చూసినప్పుడు ఏమీ తగలలేదట. ఘాట్ మలుపులో బ్రేకు వేస్తే బండి ముందు భాగం కుంగుతుంది, అప్పుడే టైరు పైకి వచ్చి తగులుతుంది.

కాబట్టి కొనడానికి ముందు పాత టైర్లతోనే ఒక పరీక్ష చేయండి. సమతలంగా ఉన్న చోట బండిని ఆపి, స్టీరింగ్‌ను ఒకసారి పూర్తిగా కుడికి, ఒకసారి పూర్తిగా ఎడమకు తిప్పి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసిన తరువాత, టైరుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోట ఖాళీ ఎంతో స్కేలుతో కొలవండి. తరువాత ముందు చక్రం ఒకదానిని ఆరంగుళాల గట్టి చెక్క దిమ్మ మీదికి ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్న స్థితిలో మళ్లీ కొలవండి. ఇటుకలు పగులుతాయి, వాడకండి. 265/70 వేస్తే ఈ ఖాళీలో వ్యాసార్ధం వైపు 14 మి.మీ., ఒక్కొక్క పక్కన 10 మి.మీ. తగ్గుతాయి. 245/75 అయితే వ్యాసార్ధం వైపు 12 మి.మీ. తగ్గుతుంది, పక్కల మాత్రం దాదాపు ఏమీ తగ్గదు. ఇది పోగా ఇంకా కనీసం 10 మి.మీ. మిగలాలని నేను కోరుకుంటాను, ఎందుకంటే బురద పట్టిన టైరు మరికాస్త పెద్దదవుతుంది, కంపెనీని బట్టి ఒకే సైజు టైర్ల అసలు కొలతలు కూడా కొద్దిగా మారుతాయి. మడ్ ఫ్లాప్ కొంచెం కోయడం, లైనర్‌ను వెనక్కి లాగి బిగించడం తప్పు కాదు. ఇనుప భాగాలను కోయవలసి వస్తే ఆ సైజు మీ బండికి సరిపోదని అర్థం. చోటు కోసం స్పేసర్లు (చక్రానికీ హబ్‌కూ మధ్య పెట్టే బిళ్లలు) వేసి గానీ, తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న, అంటే చక్రం మరింత బయటికి కూర్చునే రిమ్ములు పెట్టి గానీ చక్రాన్ని బయటికి జరిపితే లోపలి వైపు ఖాళీ పెరుగుతుంది, కానీ తిరిగేటప్పుడు టైరు బయటి అంచు మరింత పెద్ద వలయంలో తిరిగి ఫెండర్‌కు తగులుతుంది. బేరింగుల మీద భారమూ పెరుగుతుంది.

బరువు మోసే బండికి సైజు కంటే ముందు చూడవలసింది లోడ్ ఇండెక్స్. సైజు పక్కన 111ఎస్ వంటి రాత ఉంటుంది. 111 అంటే ఆ ఒక్క టైరు 1090 కిలోలు మోయగలదు. 107 అయితే 975 కిలోలు, 104 అయితే 900 కిలోలు మాత్రమే. ఎస్ అంటే గంటకు 180 కి.మీ. వేగం వరకు, క్యూ అంటే 160 వరకు. టైరు పెద్దదైనంత మాత్రాన ఎక్కువ బరువు మోస్తుందన్న నమ్మకం సరికాదు. డ్రైవర్ తలుపు దగ్గర స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో బండి తయారీదారు చెప్పిన టైరు సైజు, గాలి ఒత్తిడి ఉంటాయి. వాటితో పాటు బండి పుస్తకంలో చెప్పిన లోడ్ ఇండెక్స్ కంటే తక్కువ ఉన్న టైరును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది; 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. పాత నిల్వ అంటగట్టకుండా అదీ చూడండి.

ఇంజిన్ విషయం. టైరు పెద్దదైతే ఆ మేరకు ప్రతి గేరూ కాస్త పై గేరులా పనిచేస్తుంది. 245/75తో లాగే శక్తి సుమారు మూడు శాతం, 265/75తో ఏడు శాతం వరకు తగ్గుతుంది. సాలూరు నుంచి ఖాళీగా ఎక్కేటప్పుడు ఇది పెద్దగా తెలియకపోవచ్చు. కానీ లోడుతో సుంకి ఘాట్ దిగేటప్పుడు అదే గేరులో ఇంజిన్ బ్రేకింగ్ కూడా తగ్గుతుంది, మిగిలిన పనంతా బ్రేకుల మీద పడుతుంది, బరువైన టైరును ఆపడానికి అవే బ్రేకులు ఇంకొంచెం ఎక్కువ శ్రమపడాలి. నేను 265/75 వద్దనడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఈ దిగుడు ప్రయాణమే. అవసరమైతే ఒక గేరు తగ్గించి దిగండి.

మీది ఫోర్ వీల్ డ్రైవ్ కనుక నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం, ఒకే స్థాయి అరుగుదలతో ఉండాలి. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు పెట్టి ఫోర్ వీల్‌లో నడిపితే ముందు వెనక ఇరుసులు వేరు వేరు వేగాలతో తిరగాలని చూస్తాయి, ఆ ఒత్తిడి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేరు పెట్టె) మీద పడుతుంది. స్టెప్నీని కూడా మార్చి, బండి కింద దాని చోటులో అది సరిగ్గా కూర్చుంటుందో లేదో ముందే చూడండి.

చట్టం మాటా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే వివరించింది. మీ మోడల్‌లోనే మరో వేరియంట్‌కు తయారీదారు పెద్ద సైజు ఇచ్చి ఉంటే అది అన్నిటికంటే నిశ్చింతైన ఎంపిక. లేకుంటే కొనకముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దనూ అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న (జయపురం): టైరు సైజు కాస్త పెంచాక మైలేజీ పడిపోయింది. స్పీడోమీటర్ కూడా తప్పు చూపుతోందా? ఫోన్‌తో సరిచూడవచ్చా?

జవాబు: చూడవచ్చు. టైరు 3.3 శాతం పెరిగితే ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు బండి అసలు వేగం, పాత టైరుతో పోలిస్తే, సుమారు 62 అవుతుంది. ఓడోమీటర్ కూడా అంతే తక్కువ లెక్కిస్తుంది. నిజంగా 10 కి.మీ. తిరిగితే సుమారు 9.7 చూపుతుంది. కాబట్టి లీటరుకు 12 కి.మీ. ఇచ్చే బండి, డీజిల్ ఖర్చు ఏమాత్రం పెరగకపోయినా, లెక్కలో 11.6 ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఫోన్ జీపీఎస్ వేగాన్ని మలుపులు లేని, చెట్లు కమ్ముకోని తిన్నని రోడ్డు మీద, నిలకడగా కనీసం నిమిషం పాటు నడిపి, పక్కన కూర్చున్నవారిని చూడమనండి. ఘాట్‌లో చూసిన అంకెను నమ్మకండి. నాకు ఇంతకంటే నచ్చిన పద్ధతి, జాతీయ రహదారి మీద పది కిలోమీటరు రాళ్లు దాటుతూ ఓడోమీటర్ ఎంత తిరిగిందో రాసుకోవడం. టైర్లు మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి చేస్తే తేడా ఎంతో మీకే తేలిపోతుంది.

ప్రశ్న (పర్లాకిమిడి): పెద్ద టైర్లు వేశాక టైరు ప్రెషర్ హెచ్చరిక లైటు మాటిమాటికీ వెలుగుతోంది. సెన్సార్ పాడైందా?

జవాబు: మీ బండిలో ఏ రకం ఉందో ముందు తెలుసుకోండి. వాల్వు దగ్గర విడిగా సెన్సార్ ఉన్న రకం గాలినే కొలుస్తుంది, టైరు సైజుతో దానికి పని లేదు. ఏబీఎస్ సెన్సార్ల నుంచి చక్రాల వేగం చూసి అంచనా వేసే రకమైతే, కొత్త టైర్లకు సరైన గాలి పట్టించి, రీసెట్ చేసి, పుస్తకంలో చెప్పినంత దూరం నడపాలి. ఆ పని చేయకపోవడమే తరచుగా ఇలా జరగడానికి కారణం.

గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలక ముందు చూడాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పడుతుంది కనుక, డిసెంబరులో మధ్యాహ్నం వేడి టైరులో సరిపెట్టిన గాలి తెల్లవారేసరికి తక్కువై లైటు వెలగవచ్చు. కొత్త సైజుకు ఎంత గాలి సరిపోతుందో తెలుసుకోవడానికి, స్టిక్కర్ మీది అంకెతో మొదలుపెట్టి, మామూలుగా వేసే లోడు వేసి, టైరు ట్రెడ్ మీద అడ్డంగా సుద్ద ముక్కతో గీత గీసి, గట్టి రోడ్డు మీద తిన్నగా కొంత దూరం నడపండి. గీత మధ్యలో ముందుగా చెరిగితే గాలి ఎక్కువైనట్టు, అంచుల్లో ముందుగా చెరిగితే తక్కువైనట్టు. రెండు పీఎస్ఐల చొప్పున మార్చి మళ్లీ గీయండి, కానీ టైరు పక్క గోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని ఎప్పుడూ దాటవద్దు. గీత అంతటా ఒకేలా చెరిగినప్పటి అంకెను స్టిక్కర్ పక్కనే రాసి పెట్టుకోండి.