ఆదివారాలు లాక్కున్న ఆటకే నన్ను రమ్మంటున్నారు

ప్రశ్న: మాది అనంతపురం. మావారికి బెంగళూరులో ఉద్యోగం. ప్రతి వారం ఇంటికొచ్చే మనిషి, రెండేళ్లుగా గోల్ఫ్ పిచ్చిలో పడి ఆదివారాలు అక్కడే ఉండిపోతున్నారు. ఇప్పుడేమో ‘నంది కొండల దగ్గర ప్రశాంతమైన గోల్ఫ్ కోర్సు ఉంది, పోదాం రా’ అంటున్నారు. నాకు ఆ ఆటా తెలీదు, ఆ మనుషులూ తెలీదు. చీర కట్టుకొని ఎండలో కాపలా కూర్చోవాలా? పోనంటే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండమ్మా. కానీ ఆ రోజు మీరిద్దరే ఉండాలని ముందే ఖాయం చేసుకోండి. ఆయన స్నేహితులు కూడా వస్తారంటే మొహమాటపడకుండా మానేయండి. వాళ్లుంటే మీరు భయపడినట్టే జరుగుతుంది.

వారమంతా ఎదురుచూస్తే ఆదివారం కూడా మనిషి రాకపోవడం చిన్న బాధ కాదు. దాన్ని మింగేసుకోమని నేను చెప్పను. అయితే ఇన్నాళ్లూ తనొక్కడికే ఉంచుకున్న చోటికి ఆయన మిమ్మల్ని పిలిచారు. తప్పయిందని నోటితో అనలేని మగవాళ్లు చాలామంది ఇలాగే పిలుస్తారు. ఆ పిలుపును కాదనకండి.

18 హోల్స్, అంటే బంతిని వేయాల్సిన గుంటలు, పూర్తిగా ఆడితే నాలుగు గంటలు పడుతుంది. మొదటిసారి 9 చాలనండి, రెండు గంటల్లో తేలిపోతుంది. తెల్లవారగానే మొదలుపెట్టే సమయం తీసుకోమనండి, ఎండ బాధ ఉండదు. ఈ ఆటలో బంతిని కొట్టేది క్షణమే, మిగతాదంతా పచ్చగడ్డి మీద నడకే. ఆడనివాళ్లు వెంట నడవొచ్చా, బయటివాళ్లను అసలు రానిస్తారా అన్నది ఆయన ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. కొన్ని క్లబ్బుల్లో సభ్యులకూ వాళ్ల అతిథులకే ప్రవేశం. దుస్తుల నియమాలూ అప్పుడే అడగాలి. చీరకు అభ్యంతరం లేకపోతే హాయిగా చీరే కట్టుకోండి, మడమల్లేని బూట్లు మాత్రం వేసుకోండి. ఆయన కొట్టేటప్పుడు పక్కకు జరిగి మాట్లాడకుండా నిలబడండి. గుంట దగ్గరికొచ్చాక బంతికీ గుంటకీ మధ్య దారి తొక్కకండి. ఎవరైనా ‘ఫోర్!’ అని అరిస్తే బంతి మీదికొస్తోందని అర్థం, తల కాచుకోండి. ఈపాటి తెలిస్తే అక్కడ మిమ్మల్ని ఎవరూ కొత్తగా చూడరు.

ఎదురెదురుగా కూర్చుంటే గొడవయ్యే మాటలు పక్కపక్కన నడుస్తుంటే మెత్తగా వస్తాయి. కౌన్సెలింగుకు వచ్చే దంపతుల్లో ఇది మళ్లీ మళ్లీ చూస్తున్నాను. అందుకే ఆ నడకలో రెండేళ్ల లెక్కంతా విప్పకండి. ఒక్కటే అడగండి: నెలలో రెండు ఆదివారాలు ఇంటికి, రెండు ఆటకు. ఆయన ఒప్పుకుంటే తేదీలు అక్కడికక్కడే ఫోన్‌లో పెట్టించండి. ‘చూద్దాంలే’ అంటే నవ్వి వదిలేయకండి, ఇంటికొచ్చాక మళ్లీ అడగండి.

ఇంకోటి. శనివారం మీ ఇష్టప్రకారం సాగాలి. ఆయన అనంతపురం వచ్చి మిమ్మల్ని తీసుకెళ్లాలి. జాతీయ రహదారి 44 మీద పోతూ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకు తిరిగితే లేపాక్షి. వీరభద్రస్వామి గుడి, వేలాడే స్తంభం, ఊరి చివర ఏకశిలా నంది తీరిగ్గా చూడండి. రాత్రికి నంది కొండల వైపు చేరుకోండి. ఆదివారం ఆట అయ్యాక ‘నాకు రేపు ఆఫీసుంది’ అని మిమ్మల్ని చిక్కబళ్లాపురంలో బస్సెక్కిస్తే కుదరదని ఇప్పుడే చెప్పండి. సోమవారం సెలవు పెట్టి, మిమ్మల్ని ఇంట్లో దించి, భోంచేసి వెళ్లమనండి.