వీఆర్ఎస్ కాగితం మీద సంతకం పెట్టేముందు

చి. బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. వీఆర్ఎస్, అదే స్వచ్ఛంద పదవీ విరమణ, తీసుకుందామనుకుంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా ప్రింటు తీయించుకుని చదివాను, ఫోన్లో అంత చిన్న అక్షరాలు నాకిప్పుడు ఆనడం లేదు. "వీఆర్ఎస్ తర్వాత నా కలలు" అని పైన పెద్దగా రాసి, కింద వరసగా వేశావు. అరకులో కాఫీ తోట, వయొలిన్, దేశమంతా రైల్లో తిరగడం, పది కిలోల బరువు తగ్గడం, సముద్రంలో ఈత, పేదపిల్లలకు లెక్కలు చెప్పడం, ఒక నవల, ఇంకా ఏవేవో. చివర "ఎలా ఉంది పిన్నీ?" అన్నావు. బాగుంది. ఇప్పుడు దాన్ని కాస్త కెలుకుతాను, కోపం తెచ్చుకోకు.

2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్ఎస్ పెట్టినప్పుడు దేశం మొత్తం మీద సుమారు లక్షమంది బయటికి వచ్చేశారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని, అప్పటికి నాది ఇంచుమించు నీ వయసే. మా బ్రాంచి నుంచీ, చుట్టుపక్కల బ్రాంచీల నుంచీ అలా వచ్చేసినవాళ్లని అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. అందరి దగ్గరా నీలాగే ఒక జాబితా ఉండేది. కొందరిది నిలిచింది, కొందరిది ఆర్నెల్లు తిరక్కుండానే టీవీ ముందు చేరింది. డబ్బు వల్ల వచ్చిన తేడా అనుకుంటావేమో, నాకలా కనిపించలేదు. నిలబడిన ప్రతి పనికీ వారంలో ఒక రోజు ఖాయంగా ఉంది. ఆ రోజు మనం వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఒకరున్నారు. తీరిగ్గా ఎప్పుడైనా చేద్దాంలే అనుకున్నవి మొదలైన దాఖలా నాకు ఒక్కటీ గుర్తులేదు.

నా సంగతే చూడు. నేను బుధవారాలు పెదజాలరిపేట వెళ్తానని నీకు తెలుసు కదా. ఆడవాళ్లకి బ్యాంకు పాస్‌బుక్కులు చదివి పెట్టడం, ఫారాలు నింపడం, ఆధార్‌లో పేరు ఒకలా, ఖాతాలో మరోలా ఉంటే దరఖాస్తు రాసివ్వడం. దీన్ని సేవ అంటే నాకు నవ్వొస్తుంది, బ్యాంకులో నేను చేసిన పనే ఇది, కౌంటరు అద్దం ఒక్కటే లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ 61 రోజులూ పడవలు కదలవు, భృతి డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఎవరికి పడలేదు అని నా చుట్టూ చేరతారు. ఎండకి విసుగొచ్చి ఒక బుధవారం మానేస్తే, గురువారం పొద్దున్నే చేపల గంపతో మా గుమ్మం ముందు దిగి "అమ్మా, నిన్న రానేదేటి?" అని నిలదీస్తారు. ఆ నిలదీత లేకపోతే నేను ఎప్పుడో మానేసేదాన్ని. నాకు బద్ధకం తక్కువేమీ కాదు.

ఇక అరకు. బుజ్జీ, ఇది ఇప్పుడే కొట్టేయి. అరకు ఏజెన్సీ ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ఉంది, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలని 1970లో సవరించి గట్టిగా బిగించారు. గిరిజనులు కానివాళ్లకి అక్కడ భూమి బదలాయించడం కుదరదు. గిరిజనేతరుడి దగ్గర ఉన్న భూమిని ఇంకో గిరిజనేతరుడు కొనడమూ కుదరదు. "స్థానికుల పేరు మీద తీసుకుని మనం అనుభవించొచ్చు, లోపల ఒప్పందం రాసుకుందాం" అని నీకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట చెప్పినవాడి ఫోన్ మళ్లీ ఎత్తకు. ఆ కాగితం చెల్లదు, డబ్బు పోతుంది, పైగా గిరిజనులకి ఉన్న కాస్త నేలని కాపాడే చట్టానికి కన్నం వేయడం నాకు నచ్చదు. అసలు నీకు కావలసింది తోటా, తోటలో కూర్చుని కాఫీ తాగడమా? రెండోదైతే కిరండూల్ రైలెక్కి వెళ్లి రెండు రోజులుండి రా. నిజంగా మొక్కలతో పనే కావాలంటే మీ కూర్మన్నపాలెం ఇంటి డాబా ఖాళీగా ఉంది. ఒక వేసవి అంతా రోజూ సాయంత్రం నీళ్లు పోసి పది కుండీలు బతికించు, అప్పుడు ఆనందపురం వైపో చోడవరం వైపో కౌలుకి చిన్న చెక్క దొరుకుతుందేమో నేనే వాకబు చేస్తాను. నేల కొనడం నేల మీద పనిచేశాక ఆలోచించాల్సిన విషయం.

ఇదే మాట నీ జాబితా మొత్తానికీ చెబుతాను. ఇప్పుడు ఆదివారం నాడు రెండు గంటలు చేయనిది, రేపు రోజంతా ఖాళీ దొరికితే చేస్తావని నమ్మకం పెట్టుకోకు. ఉద్యోగం మీద విసుగు ఎక్కువైనప్పుడు ఆఫీసు కానిదల్లా కలలాగే కనిపిస్తుంది. నీ దగ్గర సెలవులు మిగిలే ఉన్నాయి కదా, ఒక్కసారిగా మూడు వారాలు పెట్టు. ఎక్కడికీ ప్రయాణాలు పెట్టుకోకు. ఇంట్లోనే ఉండి, రిటైరైనట్టే గడిపి చూడు. మొదటి వారం హాయిగా ఉంటుంది, అది లెక్కలోకి రాదు. మూడో వారం మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఏం చేస్తున్నావో నాకు ఫోన్ చేసి చెప్పు.

డబ్బు సంగతి నువ్వు జాబితాలో రాయలేదు గానీ, బ్యాంకు దాన్ని, ఊరుకోలేను. "పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు వేస్తా, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది" అని మీ అమ్మతో అన్నావట. ఆ స్కీముకి 60 ఏళ్లు నిండాలి. ముందే రిటైరైనవాళ్లకి 55 నిండితే సడలింపు ఉంది, అది కూడా రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేస్తేనే. నీకు 51. ఇప్పుడు బయటికొస్తే ఆ తలుపు నీకు 60కి గానీ తెరుచుకోదు. ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను కూడా అంతే, పూర్తిగా రావాలంటే 58. 50 దాటితే ముందే తీసుకోవచ్చంటారు, నిజమే, కానీ ముందుకి జరిపిన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోత పడుతుంది, ఆ కోత బతికున్నంత కాలం ఉంటుంది. అసలే దాని లెక్క చాలామందికి 15,000 జీతం మీదే కడతారు, అందులోంచి కూడా కోయించుకోకు. వీఆర్ఎస్ కింద ఇచ్చే పరిహారంలో 5 లక్షల వరకే పన్ను మినహాయింపు. కాబట్టి చేతికి ఎంత వస్తుందో చూడకు, 51 నుంచి 60 దాకా ఈ తొమ్మిదేళ్లు నెలనెలా ఇల్లు దేనితో గడుస్తుందో ఒక కాగితం మీద రాయి. పాప చదువు, ఆ తర్వాత పెళ్లి అంటావు కదా, వాటి డబ్బు విడిగా తీసి పక్కన పెట్టాక మిగిలిందే నీది.

ఆరోగ్య బీమా మాత్రం సంతకం పెట్టకముందే సొంతంగా తీసుకో. కంపెనీ ఇచ్చిన వైద్యం ఉద్యోగంతో పాటే పోతే, నీ షుగర్‌తో కొత్త పాలసీకి వెళ్తావు. పాలసీ తీసుకునే ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా డబ్బివ్వకుండా షరతు పెట్టే వీలు వాళ్లకి ఉంది. ఆ మూడేళ్లు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతే మేలు. షుగర్ ఉందని దరఖాస్తులో దాచకు, దాచిపెడితే రేపు క్లెయిమ్ అడిగినప్పుడు ఆ ఒక్కటీ పట్టుకుని కాదంటారు.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతున్నాను. కోడలి జాబితా ఏది? నీ పేజీలో అమ్మాయి పేరు ఒక్కచోట వచ్చింది, "ఇద్దరం కలిసి రైల్లో" అని. ఆమె సర్కారు బడిలో టీచరు, మన రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 62 చేశారు, అంటే ఆమెకింకా పద్నాలుగు పదిహేనేళ్ల సర్వీసు ఉంది. ఇద్దరూ కలిసి తిరిగేది వేసవి సెలవుల్లో, దసరా సెలవుల్లో, సంక్రాంతికి. అది నువ్వు ఉద్యోగంలో ఉన్నా తిరగొచ్చు. మిగతా రోజుల్లో ఆమె ఎనిమిదింటికి బడికి పోతుంది, నువ్వు ఇంట్లో ఉంటావు. సాయంత్రం ఆమె వచ్చేసరికి నువ్వు కుర్చీలోంచి "కాఫీ పెడతావా?" అన్నావనుకో, నీ కలలన్నీ ఆ వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. జాబితాలో మొదటి అంశంగా వంట రాసుకో. కనీసం అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు. నవ్వకు, మాతోపాటు బయటికొచ్చిన మగవాళ్లలో సుఖంగా ఉన్నవాళ్లందరికీ చారు పెట్టడం వచ్చు. ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా నేర్చుకుంటానంటే నా దగ్గరికి రా, దానికి మాత్రం ఓపిక కావాలి.

చుట్టాల సంగతి కూడా ఉంది. వీఆర్ఎస్ డబ్బు ఖాతాలో పడేలోపే కబురు ఊరంతా తిరుగుతుంది. ఒకరు చేబదులు అడుగుతారు, ఇంకొకరు భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన ప్లాటంటూ మ్యాపు పరుస్తారు. ఒక సంవత్సరం దాకా ఏదీ కొనను, ఎవరికీ ఇవ్వను అని ముందే చెప్పేయి, వాళ్లు అడగకముందే చెప్పు. డబ్బు కంటే సమయం ఎక్కువ పోతుంది, అది చెప్పినా నమ్మవు. "వాడు ఖాళీయేగా" అనే మాట మొదలవుతుంది. కేజీహెచ్ ఆసుపత్రిలో ఎవరికైనా తోడుండాలన్నా, పెళ్లి కార్డులు పంచాలన్నా, స్టేషనుకి వెళ్లి ఎవరినైనా దింపాలన్నా నీకే ఫోన్. కొన్ని చెయ్యాలి, మనవాళ్లే. కానీ నీకంటూ ఖాయమైన రోజులుంటే "శుక్రవారం నాకు కుదరదు, శనివారం వస్తాను" అనగలుగుతావు. రోజు లేనివాడు ఆ మాట అనలేడు.

మిగతావి గబగబా. బరువు తగ్గడం కలేమిటిరా, అది డాక్టరు చీటీ. దాని బదులు ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ రాసుకో. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే చుట్టూ 32 కిలోమీటర్లు, తేదీ పంచాంగంలో ఉంది కాబట్టి నువ్వు వాయిదా వెయ్యలేవు. ముందు మూడు నెలలు పొద్దున్నే నడవకపోతే హనుమంతవాక దగ్గరే కూలబడతావు. అక్కడినుంచి మా ఎంవీపీ కాలనీ మీదుగానే రావాలి, మజ్జిగ నేనిస్తాను. సముద్రంలో ఈత వద్దు, ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి లాగే తీరు మనకి తెలియంది కాదు, బీచ్ రోడ్డులో కార్పొరేషన్ ఈతకొలను ఉంది. నవలంటే ఇంట్లో రాయలేవు, ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయానికి వెళ్లి కూర్చో. పొద్దున్న చొక్కా మార్చుకుని వెళ్లడానికి ఒక చోటుండటం రిటైరైన మనిషికి చాలా అవసరం. ఒక్క పేజీ రాకపోయినా పేపర్లు చదివి వస్తావు.

పిల్లలకి లెక్కలు చెప్పడం, వయొలిన్, ఈ రెండూ నాకు నచ్చాయి. లెక్కలకి నువ్వు సొంతంగా సెంటరు, బోర్డు, ట్రస్టు అని మొదలుపెట్టకు. నడుస్తున్న బడి ఏదైనా చూసుకుని వారానికి రెండు సాయంత్రాలు ఒప్పుకో. కోడలిని అడిగితే పదో తరగతి లెక్కల్లో వెనకబడ్డ పిల్లలున్న బడులు పది చెబుతుంది. జూన్‌లో ఒప్పుకుంటే మార్చిలో పరీక్షలయ్యేదాకా వదలకూడదు, మధ్యలో రైలు ప్రయాణాలు గుర్తొచ్చి మాయమైతే ఆ పిల్లలకి నువ్వు వెళ్లకపోయి ఉంటేనే నయం. అది ముందే ఆలోచించుకో.

వయొలిన్ గురించి నీకు బెదురుందని తెలుసు, యాభై దాటాక వేళ్లు వంగుతాయా అని. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు శిష్యుడిగా చేరదామని విజయనగరం సంగీత కళాశాలకి వెళితే, అక్కడి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు వాయిద్యం విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని మన వైపు చెప్పుకుంటారు. అప్పటికి నాయుడు గారికి 26 ఏళ్లు. నువ్వు ఆయనతో పోటీకి వెళ్లడం లేదు కాబట్టి ఆ బెంగ వద్దు. సరళీ వరసలు సరిగ్గా పలకడానికే ఏడాది పట్టొచ్చు, అపస్వరాలు ఇంట్లోవాళ్లు భరించాలి, పాప తలుపేసుకుంటుంది. పట్టనీ. కచేరీ చేయాలన్న లక్ష్యం మాత్రం పెట్టుకోకు. పాతికేళ్లు ప్రొడక్షన్ టార్గెట్ల మధ్య బతికినవాడివి, కలకి కూడా టార్గెట్ వేసి టెన్షన్ పడతావని నా భయం. వారం వారం పాఠానికి వెళ్లాలి, చెప్పింది సాధన చేయాలి, అంతవరకే.

దరఖాస్తుకి ఇంకా గడువుందన్నావు కదా, తొందరపడకు. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి, కోడలిని తన జాబితా వేరే కాగితం మీద రాసి తెమ్మను, నీది చూసి రాయొద్దని చెప్పు. పాత వయొలిన్ అటక మీదుంటే దింపి తీగలు మార్పించి తీసుకురా. మా పైవాటాలో ఉండే సంగీతం మాస్టారు ఆదివారం పదింటికి పిల్లలకి పాఠం చెబుతారు, నీ గురించి అడిగి ఉంచాను, సరేనన్నారు. ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చోవాలి. పది దాటి వస్తే ఆయన లోపలికి రానివ్వరు, కూర్మన్నపాలెంలో ఎనిమిదిన్నరకే బయలుదేరండి, ఎన్ఏడీ కూడలి దగ్గర ఎంతసేపు ఆగాలో చెప్పలేం.

ఇట్లు,
మీ పిన్ని