వరంగల్‌లో ఉండి సోనార్ చదువు చదవొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఇక్కడే ఈసీఈ మూడో సంవత్సరం. సోనార్ (శబ్దంతో నీటి అడుగున ఉన్నవాటిని కనిపెట్టే పరికరం) వైపు ఆసక్తితో నీటి అడుగున శబ్దం, అన్నిటికన్నా మంచి జవాబును వెతికే ఆప్టిమైజేషన్ అల్గారిథమ్‌ల మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. పైచదువు కూడా అందులోనేనట. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లకు పోతున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయి, కాకపోతే కొద్ది చోట్లే. కొచ్చిలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి సోనార్ ల్యాబ్ ఎన్‌పీఓఎల్, విశాఖలో వారిదే నౌకాదళ ఆయుధాల ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్, చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, సోనార్లు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ బీఈఎల్. సముద్రం లేని హైదరాబాద్‌లోనే సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ ఉంది. కాబట్టి ఊరి గురించి బెంగ పెట్టుకోకండి.

అమ్మాయి ఏం చేయబోతోందో మీకూ తెలియాలి. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. వేడి, ఉప్పు, లోతు మారితే ఆ వేగం మారి శబ్దం దారి వంగుతుంది. హైడ్రోఫోన్లలో (నీటి అడుగు మైకుల్లో) రికార్డయిన శబ్దాన్ని బట్టి అది ఎక్కడ పుట్టింది, అడుగున ఇసుకా బురదా అన్నది వెనక్కి లెక్కకట్టాలి. కొన్ని విలువలు ఊహించి, శబ్దం ఎలా పోతుందో లెక్కకట్టే కంప్యూటర్ మోడల్ నడిపి, వచ్చిన జవాబును రికార్డుతో పోల్చి, తేడా తగ్గించుకుంటూ పోతారు. చీకట్లో గుంతల చెలకలో అన్నిటికన్నా లోతైన గుంతను వెతకడం లాంటి పని ఇది. వాలు వెంట దిగితే మొదటి గుంతలోనే ఆగిపోతాం. అందుకే ఆ గుంతలోంచి బయటపడి వేరేచోటా వెతకగలిగే సిమ్యులేటెడ్ అనీలింగ్, జెనెటిక్ అల్గారిథమ్‌ల వంటివి వాడతారు. ప్రతి ఊహకూ మోడల్ మళ్లీ నడపాలి, అసలు ఖర్చు అక్కడే.

అమ్మాయికి ఒక మాట గట్టిగా చెప్పండి. తోడేలు, తిమింగలం పేర్లతో అల్గారిథమ్‌లు బోలెడు వచ్చాయి. పేరు చూసి ఎంచుకోవద్దు. ముందు శబ్దం ఎలా ప్రయాణిస్తుందో నేర్చుకోవాలి. నీటిలో శబ్దం దారిని లెక్కకట్టే బెల్‌హాప్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. దానితో తానే డేటా తయారుచేసి, నాయిస్ (అడ్డొచ్చే రొద) కలిపి, తనకు ముందే తెలిసిన జవాబును అల్గారిథమ్ మళ్లీ పట్టుకుంటుందా చూడాలి. అన్నే సార్లు మోడల్ నడిపే మామూలు ర్యాండమ్ వెతుకులాట కన్నా అది మెరుగ్గా చేస్తోందా అన్నదీ సరిచూడాలి. ఇంటర్వ్యూలో ఎవరడిగినా ధైర్యంగా చెప్పుకోగలిగే ప్రాజెక్టు అదే.

సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు. పైథాన్, సిగ్నల్ ప్రాసెసింగ్, ఆప్టిమైజేషన్ వచ్చినవాళ్లకు రాడార్, టెలికాం, డేటా ఉద్యోగాల్లోనూ చోటుంటుంది. గేట్ మాత్రం వదలొద్దు. ఎంటెక్‌కూ అదే దారి. ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్ విభాగం ఏం చేస్తోందో ఇప్పటి నుంచే చూస్తుండమనండి. సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ లేఖ కావాల్సి రావచ్చు, గైడ్‌తో ఈ నెలలోనే మాట్లాడమనండి.