చావుల రిజిస్టర్ చూసుకుని మురిసిపోయిన మనిషిని నేను

"27 ఏళ్లొచ్చాయి, నాలుగేళ్లుగా గ్రూప్స్ చదువుతున్నాను, ఫ్రెండ్స్ అందరూ సెటిలయ్యారు, సాయంత్రం పూట గల్లీ పిల్లలకు లెక్కలు చెప్పడం తప్ప ఏమీ చేయట్లేదు. అసలు నా దృష్టిలో సక్సెస్ అంటే ఏంటో నాకే అర్థం కావట్లేదు, ఎలా తెలుసుకోవాలి?" అని అడిగావు. తమ్ముడూ, వయసులో చిన్నోడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. ఎలా తెలుసుకోవాలో నాకూ తెలియదు, నాకైతే ఎలా తెలిసిందో చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

2013లో బీటెక్ అయిపోయింది, 2014లో గ్రూప్స్ చదవడానికి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో దిగాను. ఒక గదిలో నలుగురం. పొద్దున్నే పోయి చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ మీద సంచి పెట్టి, చాయ్ తాగొచ్చి కూర్చునేవాళ్లం. జేబు ఖాళీ అయిన వారం ఐదు రూపాయల భోజనమే దిక్కు. ఇదంతా నీకు కొత్త కాదనుకుంటా. ఎవరడిగినా డిప్యూటీ కలెక్టర్ కావాలని చెప్పేవాణ్ని. డిప్యూటీ కలెక్టర్ పొద్దున లేచి ఏం పని చేస్తాడో మాత్రం నాకు తెలీదు. సిలబస్ తెలుసు, కటాఫ్ తెలుసు, జీపు తెలుసు. ఆ సీట్లో కూర్చున్న మనిషి రోజంతా ఏం చూస్తాడు, ఎవరితో మాట్లాడతాడు, ఏ ఫైలు దగ్గర తల పట్టుకుంటాడు అని ఐదేళ్లలో ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నాకు కావలసింది ఉద్యోగం కాదేమో, "ఏం జేస్తున్నవ్ రా?" అని అడిగే చుట్టాల నోరు మూయించే ఒక మాట కావాలి, అంతే.

2016లో గ్రూప్-2 రాశాను, 1,032 పోస్టులు. అది తేలేసరికి ఏళ్లు పట్టింది, చివరికి నా రూమ్మేట్‌కి వచ్చింది, నాకు రాలేదు. మధ్యలో 2018లో జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు పడ్డాయి, 9,355. చేయి తిరుగుతుందిలే అని అక్టోబరులో ఆ పరీక్ష రాస్తే అది వచ్చి కూర్చుంది. 2019 ఏప్రిల్‌లో జగిత్యాల జిల్లాలో ఒక ఊరికి కార్యదర్శిగా చేరాను. జీతం 15 వేలు, మూడేళ్లు ప్రొబేషన్ అన్నారు, తర్వాత అది నాలుగైంది. మా బాపు 14 ఏళ్లు దుబాయిలో బిల్డింగు పని చేసి వచ్చిన మనిషి. జీతం సంగతి విని, "బండలు మోసిన నాకే ఇంకింత ఎక్కువిచ్చిన్రు గద రా" అన్నాడు. వెక్కిరించడానికి అనలేదు, నిజంగానే లెక్క వేసి అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పని అంటావా, పొద్దున ఆరున్నరకు ఊళ్లో ఉండాలి. ట్రాక్టరు తిరిగిందా, మోరీలు తీశారా, ఫోటోలు యాప్‌లో ఎక్కించామా, నర్సరీలో మొక్కలు ఎండుతున్నాయా. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే మా మెడకే చుట్టుకుంటుంది. మేకలకు ఆ చట్టం సంగతి తెలియదు కదా. ఉపాధి హామీ కూలీల హాజరు, ఇంటి పన్ను, నల్లా బిల్లు, వీధి లైట్లు, కోతుల మీద ఫిర్యాదులు, అన్నీ మా దగ్గరికే. రెండేళ్ల పాటు పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "గ్రూప్స్ ప్రిపేర్ అవుతున్నా" అనే చెప్పేవాణ్ని. చేతిలో సర్కారు కొలువు పెట్టుకుని నిరుద్యోగినని చెప్పుకున్నవాణ్ని నేను.

ఒకరోజు ఒక ముసలవ్వ వచ్చింది, ముగ్గురు పిల్లల తల్లి. భర్త పోయి మూడేళ్లయింది, ఆయన పేరు మీదున్న ఎకరం చిల్లర ఈమె పేరు మీదికి విరాసత్ చేయించుకోవాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలి. పాత రిజిస్టర్ మొత్తం తిరగేశాను, ఆయన పేరు లేదు. ఎవరూ రాయించలేదు, ఎవరూ రాయలేదు. చట్టం ఏంటంటే, చనిపోయిన 21 రోజుల్లోపు రాయిస్తే రూపాయి ఖర్చు లేదు, ఊళ్లోనే అయిపోతుంది. 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఆ తర్వాత ఏడాది దాకా పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి ఆర్డర్. అంటే ఆ అవ్వ బస్సెక్కి డివిజన్ ఆఫీసుకు తిరగాలి, సాక్షుల్ని తీసుకెళ్లాలి, అఫిడవిట్ రాయించాలి. తిరిగింది కూడా. పోయినప్పుడల్లా వచ్చి మా ఆఫీసు అరుగు మీద కూర్చుని, "మల్ల రమ్మన్నరు బిడ్డా" అనేది. తప్పు అక్కడి వాళ్లది కాదు. మా ఊరి రిజిస్టర్‌లో ఒక లైను లేకపోవడమే అసలు తప్పు, అదేమో నేను రాకముందు జరిగింది. అయినా ఆమె అరుగు మీద కూర్చుంటే నాకు లోపల కూర్చోబుద్ధయ్యేది కాదు.

అప్పటి నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఊళ్లో ఎవరైనా పోయారని తెలిస్తే మూడో రోజో ఐదో రోజో నేనే ఆ ఇంటికి వెళ్లేవాణ్ని, ఫారం జేబులో పెట్టుకుని. మొదట్లో ఇంట్లోవాళ్లు విచిత్రంగా చూసేవాళ్లు, ఏడుపులు ఆగకముందే సర్కారోడు కాయితం పట్టుకొచ్చాడని. మా పంచాయతీ సిబ్బందిలో ఒకడైన కారోబార్ అయితే మొహం మీదే అన్నాడు, "సారూ, గీ పని మనకెందుకు, వాళ్లే వస్తరు గద" అని. వాళ్లు రారు, అదే కదా సంగతి. పట్టా మార్పిడో, బ్యాంకు పనో, వితంతు పింఛనో అవసరం పడేదాకా ఎవరికీ గుర్తుకు రాదు, గుర్తొచ్చేసరికి ఏడాది దాటిపోతుంది.

తర్వాత మా ఊళ్లో ఒక రైతు పోయాడు, నలభై దాటాయో లేదో. రైతు బీమా ఉంది, 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు. దానికి కూడా ముందు కావలసింది డెత్ సర్టిఫికెట్టే. రెండో రోజే రాసి ఇచ్చాను, వ్యవసాయ విస్తరణ అధికారి మిగతా కాగితాలు కదిలించింది, పెద్దకర్మకు ముందే ఆయన భార్య ఖాతాలో డబ్బు పడింది. ఆమె నాకు థాంక్స్ ఏమీ చెప్పలేదు, ఆ స్థితిలో ఎవరు చెప్తారు. ఆరు నెలల తర్వాత ఇంటి పన్ను కట్టడానికి వచ్చి, కట్టి, రసీదు తీసుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ రోజంతా తేలిపోయాను.

2022 డిసెంబరు ఆఖర్లో రిజిస్టర్ ముందేసుకుని చూశాను. ఆ ఏడాది ఊళ్లో పోయినవాళ్లు పదహారు మంది. పదహారూ 21 రోజుల లోపే ఎక్కాయి. ఆఫీసులో ఒక్కణ్నే ఉన్నాను, కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను, సంతోషమేసింది. తర్వాత సిగ్గేసింది, చావులు లెక్కపెట్టుకుని సంతోషపడడమేంటని. దాన్ని ఎవరికి చెప్పను? పెళ్లిలో చెప్పుకునే మాట కాదు. మా ఆవిడకు చెబితే, "మంచిదే గానీ, అన్నం తిను" అంది. పై ఆఫీసర్ల రివ్యూలో ఆ కాలమే ఉండదు.

నాకు తెలిసింది అక్కడే. చెప్పుకుంటే ఎదుటివాళ్లు మెచ్చుకునేది ఒకటి, చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయినా లోపల తేలిపోయేది ఇంకొకటి. నేను ఐదేళ్లు అశోక్‌నగర్‌లో వెతికింది మొదటిది. రెండోది నేను వెతకలేదు, ఒక ముసలవ్వ తిప్పలు చూసి పుట్టిన చిరాకుతో మొదలైంది. ఆమె అరుగు మీద అలా కూర్చోకపోతే నేనూ పాత కార్యదర్శుల లాగే వచ్చినవాళ్లకు రాసిచ్చి ఊరుకునేవాణ్నేమో.

నువ్వు అడగబోయే మాట నాకు తెలుసు: ఇది అందని ద్రాక్ష పుల్లన లాంటిది కాదా? ఆ అనుమానం నాకూ ఉండేది, చాలాకాలం ఉంది. 2022లో గ్రూప్-1 పడింది, 503 పోస్టులు, అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాను, బాగానే రాశాను. 2023 మార్చి 17న పేపర్ లీకైందని ఆ పరీక్ష రద్దు చేశారు. ఆ కబురు వచ్చేసరికి నేను పన్ను వసూలులో ఉన్నాను. మార్చి కదా, నెలాఖరుకల్లా వంద శాతం చూపించాలి, ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఒక ఇంటి ముందు ఆరు వందల దగ్గర బేరం నడుస్తుండగా ఫోన్. అవతల నాతో పాటు చదివినవాడు, మాట రావట్లేదు, ఏడుస్తున్నాడు. వాడికి ఏదో చెప్పి పెట్టేశాను, వాడి గురించి బాధేసింది, చాలా. నా గురించి ఏమీ అనిపించలేదు. మళ్లీ తిరిగి, "సగం ఇయ్యాల కట్టు చిన్నమ్మా, సగం ఉగాదికి" అని మొదలుపెట్టాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, అరె, నాకు ఏమీ అనిపించలేదేంటి అని. దాని గురించి ఎంతసేపు ఆలోచించినా ఏమీ అనిపించలేదు. పుల్లన అనుకోవడానికి కూడా ముందు ద్రాక్ష మీద మనసుండాలి కదా.

అయితే ఇదంతా విని నేనేదో జ్ఞానినయ్యానని అనుకోకు. ఆ రూమ్మేట్ ఇప్పుడు డిప్యూటీ తహసీల్దారు, ఒక పెళ్లిలో ఆయన చుట్టూ చేరిన జనాన్ని చూసి నాకు అన్నం సహించలేదు. అసూయ పోదు, రోజూ రాదు, అంతే. డబ్బు సంగతి కూడా దాచను. 15 వేలతో ఇద్దరు బతకడం కష్టం. 2021లో 28,719 అయ్యాకే నేను పెళ్లి మాటకు ఒప్పుకున్నాను. 2023లో రెగ్యులర్ చేయమని కార్యదర్శులందరం సమ్మెకు దిగితే నేనూ టెంటు కింద కూర్చున్నాను. పనిలో తృప్తి దొరికింది కదా అని జీతం అడగకూడదని రూలేం లేదు, అలా చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకు. "డబ్బు ముఖ్యం కాదు" అనేవాళ్లకు మామూలుగా డబ్బుంటుంది.

ఇంకోటి, చదువు ఆపేయమని నేను చెప్పట్లేదు. రాయి, వస్తే చేరు. కానీ నువ్వు కోరుకుంటున్న ఉద్యోగంలో ఉన్న మనిషి వెంట ఒక్కరోజు తిరుగు, సెలవు రోజు కాదు, మామూలు పని రోజు. ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. నేను అలా చేసి ఉంటే ఐదేళ్లలో కనీసం రెండేళ్లు మిగిలేవి.

ఇక నీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట ఒకటుంది. గల్లీ పిల్లలకు లెక్కలు చెప్పడం "తప్ప" ఏమీ చేయట్లేదని రాశావు. నేను పెళ్లిళ్లలో గ్రూప్స్ అని చెప్పినట్టే ఉంది ఆ "తప్ప". ఎంతమంది వస్తారు? ఏ క్లాసు వాళ్లు? డబ్బులు తీసుకుంటావా? ఒకరోజు నువ్వు పోకపోతే వాళ్లు ఇంటికొచ్చి పిలుస్తారా? కింద రాయి, తీరిగ్గా చదువుతాను. ఇప్పుడు మాత్రం వెళ్లాలి, నిన్న ఎస్సీ కాలనీలో ఒక పెద్దాయన పోయాడు.