బర్రెకు జబ్బు కాదు, ఎండ దెబ్బ అనుకుంటున్నా

దేవరకొండ అన్నా, మధ్యాహ్నం కాగానే మీ ముర్రా బర్రె నాలుక బయటపెట్టి ఎగపోస్తోంది, పాలు తగ్గాయి, పక్కనే మేకలు మాత్రం ఎండలో హాయిగా మేస్తున్నాయి, ఇది జబ్బేనా అని అడిగారు.

ముందు తెల్లవారుజామున ఆసనంలో థర్మామీటర్ పెట్టి చూడండి. బర్రెకు మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చల్లపొద్దున కూడా 40 దాటితే జ్వరమే, ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి. పొద్దున మామూలుగా ఉండి మధ్యాహ్నమే పెరిగితే ఎండ ప్రభావం.

బర్రె పూర్వీకులు చిత్తడి నేలల్లో, నదుల ఒడ్డున బతికాయి. ఒళ్లు వేడెక్కితే నీళ్లలో, బురదలో దిగేవి. అందుకే వాటి చర్మంలో చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. పైగా నల్ల తోలు, పలచటి వెంట్రుకలు, ఎండను ఇట్టే పీల్చుకుంటాయి. మేకల పూర్వీకులవి పశ్చిమాసియా ఎండు కొండలు. వాటి మూత్రపిండాలు నీటిని బాగా పొదుపు చేస్తాయి. రెండింటినీ ఒకే తీరుగా చూస్తే బర్రెకు అన్యాయమే.

కుంట ఎండిపోయిందన్నారు కాబట్టి ఎండ పూట రెండు మూడుసార్లు ఒళ్లంతా తడపండి. అయితే గాలి ఆడాలి! తడి ఆరితేనే వేడి పోతుంది, మూసిన రేకుల షెడ్డులో ఉక్కపోతే మిగులుతుంది. రేకులపై గడ్డి కప్పండి. ఎండుగడ్డి కడుపులో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది, దాన్ని రాత్రికి వేయండి. తాగే నీళ్ల తొట్టి నీడలో పెట్టండి.